డబ్బా మీద ఐపీ67 అని ఉందని సైటుకు రేడియో కొనకండి

బెంగళూరులో సైటు పనులు చేయించే మనవాళ్లందరికీ ఒక హెచ్చరిక. పసుపు, నలుపు రబ్బరు తొడుగేసి "సైట్ రేడియో" అని ఒక రకం అమ్ముతున్నారు. నేను ఎస్.పి. రోడ్డులో ఒక దుకాణంలో కొన్నాను. డబ్బా మీద ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడవని చెప్పే గుర్తు), 9900 ఎంఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యం) అని పెద్దపెద్ద అక్షరాలు. రెండూ పచ్చి అబద్ధాలు.

మా సర్జాపుర సైటులో సెంట్రింగ్, రాడ్ బెండింగ్ వాళ్లలో పాలమూరు, అనంతపురం వైపు వాళ్లే ఎక్కువ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే పైనుంచి "జరుగు" అని అరిచినా వినపడదు. అందుకే అవి మాన్పించి, అందరికీ కలిపి ఒక రేడియో పెట్టాం. పగలు 101.3, 102.9. రాత్రి షెడ్డులో మీడియం వేవ్ 738 మీద హైదరాబాద్ అందిందంటే వంటలు కానిచ్చి అందరూ దాని చుట్టూ చేరేవాళ్లు. నెల తిరక్కుండానే, స్లాబుకు క్యూరింగ్ నీళ్లు పడుతుంటే తుంపర తగిలి మూగబోయింది.

మెకానిక్ విప్పితే దగ్గరుండి చూశాను. రెండు ప్లాస్టిక్ చిప్పల మధ్య రబ్బరు వాషరు లేదు, అది కూర్చోవడానికి గాడి కూడా లేదు. పైన కనిపించే రబ్బరంతా బంకతో అంటించిందే. వాల్యూమ్ నాబ్ కింద సిమెంటు దుమ్ము తడిసి రాయిలా బిగుసుకుపోయింది.

ఐపీ పక్కన మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. 6 అంటే దుమ్ము అస్సలు చొరబడకూడదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పాడవకూడదు. ఐపీఎక్స్5 అని ఉంటే దుమ్ము పరీక్ష గురించి ఏమీ చెప్పనట్టే. సిమెంటు మధ్య ఉండేవాళ్లకి ఆ మొదటి అంకే ప్రాణం. నిజమైన ఐపీ54 (దుమ్ము పాడుచేసేంతగా చొరబడదు, తుంపరకి ఏమీ కాదు) ఉన్నా మన పనికి సరిపోతుందని నా అభిప్రాయం. డబ్బులిచ్చే ముందు బ్యాటరీ మూత తీయించి, చుట్టూ వాషరు ఉందో లేదో వేలితో తడిమి చూడండి.

సెకండ్ హ్యాండులో టూల్ కంపెనీల రేడియోలు కూడా దొరుకుతాయి. గట్టివే. కానీ జపాన్ పాత మోడళ్లలో ఎఫ్ఎం 76 నుంచి 90 వరకే, మన స్టేషన్లు చాలావరకు రావు. అమెరికా చార్జరైతే 120 వోల్టులదా అని చూసుకోండి, మన 230కి పెడితే కాలిపోతుంది.

దుకాణంవాడు "లోపలికి నీళ్లు పోయాయి, వారంటీ రాదు" అన్నాడు. నీళ్లకి ఏమీ కాదని అమ్మినవాడే! బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ముద్ర. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోకపోవడం తప్పు. బిల్లు ఇవ్వకపోవడమూ తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బా పారేయకండి, దాని మీది ఐపీ67 అచ్చే మన సాక్ష్యం.

అన్నిటికంటే భయపెట్టింది బ్యాటరీ. ఇందులో వేసే 18650 రకం (వేలంత లిథియం సెల్లు) మంచిదైనా 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఉంటుంది, 9900 అన్నది జరిగే పని కాదు. మెకానిక్ ఒక చేతిలో తన సెల్లు, ఇంకో చేతిలో ఇది పెట్టాడు. దీని బరువు సగం కూడా లేదు. చార్జింగులో పెడితే చెయ్యి పెట్టలేనంత వేడి. ఇలాంటి రేడియో ఇప్పటికే మీ దగ్గరుంటే, మనుషులు పడుకునే రేకుల షెడ్డులో ఈ రాత్రి చార్జింగ్ పెట్టకండి. ముందు ఆ సెల్లు తీయించండి.