పాలకొల్లులో తుపాను రాత్రి

ముందు బిల్లు సంగతి చెప్తాను. గది అద్దె 4,200 రూపాయలు. జనరేటర్ ఛార్జీ 600. కొవ్వొత్తులు మూడు, ఒక్కోటి 30. మంచినీళ్ల సీసాలు నాలుగు, ఒక్కోటి 40. సీసా మీద 20 అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. మొత్తం 5,050. 2025 అక్టోబర్ 28న, మొంథా తుపాను తీరం దాటిన రాత్రికి, పాలకొల్లులో ఒక లాడ్జి మా చేతికిచ్చిన బిల్లు ఇది. అంతకు ముందు రెండు రాత్రులు అదే గదికి, అదే మంచానికి 2,350 చొప్పున తీసుకున్నారు.

ఇంటికొచ్చి వారం దాటినా ఆ కాగితం చూస్తే నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కార్తీక మాసంలో ఆ వైపు వెళ్లే వాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రాస్తున్నాను.

మా అత్తయ్యకి డెబ్బై ఒకటి. మోకాళ్లు బాగున్నప్పుడే ఒక్క కార్తీకంలో పంచారామ శివాలయాలు అయిదూ చూడాలని ఆవిడ మొక్కు. ఆగస్టు ఆఖర్లోనే రైలు టికెట్లు తీశాం. భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట చూసి, చివర్లో అమరావతి అని ప్లాన్. అత్తయ్య, మా ఆయన, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, నేను. బయల్దేరే రోజు, శనివారం, బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్తూనే ఉన్నారు. మా ఆయన వద్దన్నారు. కార్తీకంలో గోదావరి జిల్లాల వాళ్లకి వాన కొత్తా అని నేనే బయల్దేరదీశాను. ఆ మాట తర్వాత మూడు రోజులూ ఆయన నాతో అనలేదు. ఆయన కోపమొస్తే మాట్లాడరు, అంతే.

ఆదివారం భీమవరం హాయిగా గడిచింది. గునుపూడి సోమారామంలో గంటలో దర్శనమైంది. పైఅంతస్తులో అన్నపూర్ణమ్మనీ చూసుకుని సాయంత్రానికి పాలకొల్లు చేరాం.

సోమవారం కార్తీక సోమవారం కదా, పాలకొల్లు క్షీరారామం కిటకిటలాడిపోయింది. తొమ్మిది అంతస్తుల ఆ గోపురం కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేస్తుంది. మబ్బులు దాని వెనక నుంచి ఎంత వేగంగా పోతున్నాయంటే, గోపురమే మన మీదికి ఒరుగుతున్నట్టు ఉంది. అప్పటికే గాలి మొదలైంది. ఆడవాళ్లు వత్తులు వెలిగించడం, గాలి ఆర్పేయడం, కొంగు అడ్డం పెట్టి మళ్లీ వెలిగించడం. అత్తయ్య 365 వత్తుల కట్టని నాలుగోసారికి గానీ వెలిగించలేకపోయారు.

అసలు చిక్కు సాయంత్రం వచ్చింది. ఆవిడ ఉపవాసం ఉన్నారు. నక్షత్రం చూశాకే భోంచేయాలి. ఆకాశమంతా మబ్బు. ఏడయింది, ఏడున్నరయింది, ఒక్క చుక్క లేదు. షుగర్ మాత్ర వేసుకోవాల్సిన మనిషి. నాకు ఒకటే టెన్షన్. చివరికి గుడిలో అయ్యవారిని అడిగితే, ప్రదోష వేళ దాటింది, దీపానికి దండం పెట్టుకుని భోంచేయమ్మా, మబ్బు వెనక చుక్కలు ఉన్నాయి కదా అన్నారు. ఆ మాట ఆవిడకి ఎంత నచ్చిందో, దారిపొడుగునా నాలుగుసార్లు తలచుకున్నారు.

భోజనం అప్పుడు ఎక్కడ దొరుకుతుంది? హోటళ్లన్నిట్లో ఉల్లిపాయ. గుడి వెనక వీధిలో ఒకావిడ ఇంటి అరుగు మీదే టిఫిన్లు వేస్తున్నారు. అడగ్గానే, "ఆయ్, ఉపోషమా అమ్మా? పది నిమిషాలు కూర్చోండి" అని ఉల్లి లేకుండా విడిగా ఉప్మా చేసి, అల్లం పచ్చడి వేసి పెట్టారు. ప్లేటు 40. విడిగా చేసినందుకు పైసా ఎక్కువ తీసుకోలేదు.

మంగళవారం ఉదయం కారులో ద్రాక్షారామం, సామర్లకోట చూసి, రాత్రికి సామర్లకోటలో రైలెక్కాలి. తెల్లారేసరికి రైలు రద్దయిందని మెసేజ్. కారు డ్రైవర్ ఫోన్ చేసి, "ఈరోజు వద్దండి, డబ్బుల కోసం చూస్తే మీకూ నాకూ మంచిది కాదు" అన్నాడు. తుపాను నరసాపురం దగ్గర దాటుతుందంటున్నారు. నరసాపురం పాలకొల్లుకి పది కిలోమీటర్లే. రాత్రి 8:30 నుంచి పొద్దున 6 వరకు ఏడు జిల్లాల్లో రోడ్ల మీద బండ్లు తిరగకూడదని ప్రభుత్వం ఆపేసింది. ఇక ఎక్కడికీ కదల్లేం.

కిందికెళ్లి ఇంకో రోజు ఉంటామన్నాం. కౌంటర్లో మనిషి కంప్యూటర్ చూసి, "పదకొండింటికి ఖాళీ చేయాలి సార్. ఉంటానంటే ఇవాళ్టి రేటు వేరు" అన్నాడు. ఎందుకు వేరు అంటే, రైళ్లు లేవు కాబట్టి గదులకి డిమాండ్ ఉందట. మా ఆయన గొంతు పెంచారు. వెనక సోఫాలో అత్తయ్య మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆవిడని చూసి ఆయన కార్డు తీసి ఇచ్చేశారు. అప్పుడు ఆయన ముఖం నేను మర్చిపోలేను. జనరేటర్ ఉందా అని మాత్రం నేను రెండుసార్లు అడిగాను. "ఇరవై నాలుగ్గంటలూ పవర్ బ్యాకప్ మేడమ్, యాప్‌లో రాసే ఉంది" అన్నాడు.

మధ్యాహ్నం లాడ్జిలో వంటవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు. వాళ్లనేమీ అనను, వాళ్లకీ పిల్లలున్నారు. రాత్రి భోజనం లేదన్న మాట మాత్రం డబ్బు తీసుకునే ముందే చెప్పాల్సింది. మా ఆయన వానలో తడుస్తూ వెనక వీధికి వెళ్లారు. టిఫిన్లు వేసే ఆవిడ కొట్టు కట్టేసి, అరుగు మీది రేకుని కొబ్బరి తాడుతో స్తంభాలకి కట్టిస్తున్నారట. ఈయన్ని చూసి, "పెద్దావిడ ఉన్నారు కదండీ, ఉండండి" అని లోపలికెళ్లి, ఇంట్లో వాళ్ల కోసం వండుకున్న దాంట్లోంచే నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ సర్ది ఇచ్చారు. అన్నం, పప్పుచారు, బంగాళాదుంప వేపుడు, పెరుగు. ఎంతివ్వమంటారంటే 200 చాలన్నారు. క్యారేజీ తర్వాత ఇవ్వచ్చులెండి, ముందు గదికి చేరండి అని తరిమినంత పని చేశారు.

సాయంత్రం అయిదూ నలభైకి కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. తొమ్మిదింటికి అదీ ఆగింది. ఫోన్ చేస్తే, డీజిల్ జాగ్రత్త చేస్తున్నాం, అర్ధరాత్రి మళ్లీ వేస్తామన్నారు. తెల్లారేదాకా వేయలేదు. అయినా బిల్లులో 600 రాశారు.

మా గది మూడో అంతస్తు. అల్యూమినియం జరుపుడు కిటికీ, ఒకవైపు గొళ్లెం లేదు, రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. గాలి పెరిగేకొద్దీ అద్దం పట్టాలోనే దడదడలాడటం మొదలుపెట్టింది. తర్వాత అంచుల్లోంచి నీళ్లు చిమ్మాయి. వాన పై నుంచి కాదు, అడ్డంగా వస్తోంది. మంచం తడిసింది. ముగ్గురం కలిసి మంచాన్ని తలుపు వైపుకి లాగి, టవల్స్ అన్నీ కిటికీ కింద కుక్కాం. పదిన్నరకి కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. జనరేటర్ మీద లైట్లూ లిఫ్టూ నడుస్తాయి గానీ నీళ్ల మోటారు నడవదట. సాయంత్రం ఒక్క మాట చెబితే బకెట్లు నింపుకునేవాళ్లం కదా! ఇంతమంది దిగే చోట ఆ మాత్రం చెప్పాలని తోచదా?

పదకొండు దాటాక హోరు ఎలా ఉందంటే, లారీలు వరసగా గోడ పక్క నుంచే పోతున్నట్టు, ఆగకుండా. ఎక్కడో రేకు లేచి రోడ్డు మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. ఎదురుగా ఉన్న ఫ్లెక్సీ చిరిగి కొరడా కొట్టినట్టు గోడకి కొట్టుకుంటోంది. మొంథా అంటే థాయ్ భాషలో సువాసన ఉన్న పువ్వట, పేరు పెట్టింది ఆ దేశం వాళ్లేనట అని పొద్దున ఫోన్లో చదివి వినిపించిన మా అమ్మాయి, రాత్రికి నాయనమ్మ ఒళ్లో ముఖం దాచుకుంది. అత్తయ్య మాత్రం భయపడలేదు. కొవ్వొత్తి దగ్గర పెట్టుకుని మెల్లగా శివ నామాలు చదువుకుంటూ పిల్ల వీపు నిమురుతూ కూర్చున్నారు. క్యారేజీ విప్పి అందరం ఆ మంచం మీదే తిన్నాం. వేడి చల్లారినా ఆ పప్పుచారు రుచి నాకు ఇంకా నోట్లో ఉంది. పదకొండున్నర, పన్నెండున్నర మధ్య నరసాపురం దగ్గర తీరం దాటిందని వాతావరణ శాఖ తర్వాత చెప్పింది. గాలి తగ్గి మాకు కునుకు పట్టేసరికి మూడయింది.

తెల్లారి లిఫ్ట్ లేదు. అత్తయ్యని మూడు అంతస్తులు దించడానికి ఇరవై నిమిషాలు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, మా ఆయన ఒక పక్క, నేను ఒక పక్క. అప్పుడు ఆ బిల్లు చేతిలో పెట్టారు. గది తడిసింది, నీళ్లు లేవు, కరెంటు లేదు అంటే, తుపానుకి మేమేం చేస్తాం అన్నాడు కౌంటర్లో మనిషి. తుపాను మీ తప్పని ఎవరూ అనలేదు. రేటు మీరే పెంచారు, జనరేటర్ మీరే ఆపారు. ఇదే మాట అని, బిల్లు ఫోటో తీసుకుని, మిగతా డబ్బు కట్టి వచ్చేశాను. యాప్ వాళ్లకి ఫిర్యాదు చేస్తే నాలుగు రోజులకి 300 రూపాయల కూపన్ పంపారు. వాడుకోను.

రోడ్డు మీద కొబ్బరి మట్టలు, విరిగిన కొమ్మలు, వంగిన కరెంటు స్తంభాలు. మున్సిపాలిటీ వాళ్లు అప్పటికే రంపాలతో చెట్టు కోస్తున్నారు, ఒకతను రాత్రంతా నిద్రపోలేదన్నాడు. గుడి వెనక వీధిలో అరుగు మీది రేకు సగం మడిచిపోయి ఉంది. ఆవిడ మాత్రం గ్యాస్ పొయ్యి మీద ఇడ్లీ పాత్ర ఎక్కించేశారు. కరెంటు పోతుందని మంగళవారం పొద్దున్నే పిండి రుబ్బి పెట్టుకున్నారట. మిక్సీ లేదు కాబట్టి పచ్చడి రోట్లో నూరారు. పచ్చిమిర్చి, కొబ్బరి, కొంచెం చింతపండు. కింద పడిన కాయలే కదండీ కొట్టాను అన్నారు. ప్లేటు 35, ఎప్పటి రేటే. పక్క కొట్లో పాల ప్యాకెట్ పది రూపాయలు ఎక్కువకి అమ్ముతుంటే, ఈవిడ వెళ్లి అతన్ని నిలదీసి వచ్చారు.

"ఇదేం తుపానండీ, తొంభై ఆరు చూడాలి" అన్నారు ఆవిడ. 1996 నవంబర్ 6. అప్పుడు ఆవిడ కోనసీమలో పుట్టింట్లో ఉన్నారట. తెల్లారి చూస్తే తోటలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగిలాయట. నాన్న మళ్లీ మొక్కలు పెట్టాడు గానీ కాపు చూడకుండానే పోయాడండి అని, గరిటె పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నారు.

గది కావాలంటే ఆవిడే గుడి దగ్గర ఒక పాత సత్రం చూపించారు. రోజుకి 500. ఏసీ లేదు, టీవీ లేదు. కింది అంతస్తు, మందం గోడలు, చెక్క తలుపుల కిటికీలకి ఇనుప గడియలు. రాత్రంతా ఒక్క చుక్క లోపలికి రాలేదట. పెరట్లో బోరింగ్ ఉంది, కరెంటుతో పని లేకుండా కొట్టుకున్నన్ని నీళ్లు. నేను బోరింగ్ కొడుతుంటే మా ఆయన నవ్వారు. మూడు రోజుల్లో అదే మొదటిసారి. అక్టోబర్, నవంబర్ నెలల్లో కోస్తా వైపు వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, గది ఫోటోలు చూసి బుక్ చేయకండి. కింది అంతస్తు ఇస్తారా, మోటారు జనరేటర్ మీద నడుస్తుందా అని ఫోన్ చేసి అడగండి. సరిగ్గా జవాబు చెప్పకపోతే వేరే చోటు చూసుకోండి. రైలు టికెట్ గురించి మాత్రం కంగారు వద్దు. రైల్వే వాళ్లే రద్దు చేస్తే ఆన్‌లైన్ టికెట్ ఛార్జీ మొత్తం దానంతటదే వెనక్కి వస్తుంది. మాకు వచ్చింది.

ఆ సాయంత్రం క్షీరారామంలో పదిమంది కూడా లేరు. తెల్లటి లింగం ముందు ఒక్క నూనె దీపం. అత్తయ్య ఎంతసేపు కూర్చున్నా ఎవరూ జరగమనలేదు.

గురువారం అదే డ్రైవర్ వచ్చి ద్రాక్షారామం, సామర్లకోట చూపించి కాకినాడ బస్టాండ్‌లో దింపాడు. ముందు ఒప్పుకున్న 3,600 మాత్రమే తీసుకున్నాడు. చెట్లు పడి రెండు చోట్ల చుట్టు తిరగాల్సి వచ్చినా ఎక్కువ అడగలేదు. దారి పొడుగునా కోతకొచ్చిన వరి చాపలా పడుకుని ఉంది, మధ్యలో నీళ్లు. అతనికీ రెండెకరాల కౌలు ఉందట, అంతా ఇలాగే పడిపోయిందని స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. మా ఆయన 500 ఎక్కువిస్తే తీసుకోలేదు. పిల్లలకి మిఠాయి అని అత్తయ్య ఇస్తే తీసుకున్నాడు. తెలంగాణలో కూడా అదే వాన పడి డోర్నకల్ స్టేషన్లో పట్టాలు మునిగాయని విని రైలు మాట తలపెట్టలేదు. కాకినాడ నుంచి ఆర్టీసీ బస్సు, మనిషికి 1,060. టైముకి తెచ్చి దింపింది.

ఇల్లు చేరి సంచులు విప్పాక చూస్తే, ఆవిడ క్యారేజీ మా దగ్గరే ఉండిపోయింది. తుడిచిన టవల్లో చుట్టి అడుగున పెట్టింది నేనే. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని అత్తయ్య నిన్న మినుములు వేయించి సున్నుండలు చుట్టారు. నాలుగు గిన్నెలూ నిండాయి. ఇవాళ పొద్దున మా ఆయన ఆర్టీసీ పార్సిల్‌లో పాలకొల్లుకి వేసొచ్చారు. 140 రూపాయలయింది.