సోలార్ పెట్టాక మా కరెంటు బిల్లు పెరిగింది. పెట్టించుకునేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి

మాది తెనాలి. మార్చి నెలాఖరున డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాను. అంతకుముందు నెల మా వాడకం 250 యూనిట్లు. ఏప్రిల్ రీడింగ్ తీసి కాగితం చేతిలో పెడితే 402! మీటర్ రీడరే "పైన సోలార్ ఉందిగా సార్, ఇదేంటి?" అని నన్ను అడిగాడు.

సోలార్ పెట్టినవాడికి ఫోన్ చేస్తే "ఎండాకాలం కదా సార్, ఏసీ గట్టిగా వాడుంటారు" అన్నాడు. మా ఇంట్లో ఏసీయే లేదు.

సంగతి పట్టుకున్నది మా వీధి లైన్‌మన్. మిట్టమధ్యాహ్నం వచ్చి మీటర్ దగ్గర నిలబడ్డాడు. ఇంట్లో నడుస్తున్నవి అమ్మ గదిలో ఫ్యాను, వంటింట్లో ఫ్రిజ్. అంతే. మీటర్ మీద యూనిట్ల లెక్క చూపే ఎర్ర లైటు మాత్రం టకటకా కొట్టుకుంటోంది. "సోలార్ ఇన్వర్టర్ ఆపండి సార్" అన్నాడు. ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె అది. ఆపాను. లైటు నెమ్మదించింది. మళ్లీ వేశాను, మళ్లీ టకటకా. అప్పుడు చెప్పాడు: మనకున్నది మామూలు మీటరు, కరెంటు లోపలికొచ్చినా బయటికెళ్లినా దానికి ఒకటే, వాడకం కిందే రాసేస్తుంది. మేం వాడుకోగా మిగిలి లైనులోకి వెళ్లిన కరెంటుకి కూడా మేమే డబ్బు కట్టామన్నమాట. నెట్ మీటర్ (లోపలికొచ్చింది, బయటికెళ్లింది వేరువేరుగా లెక్కపెట్టే మీటరు) బిగించకముందు సిస్టం ఆన్ చేయనే కూడదట. పెట్టినవాడు "ఈరోజే మొదలెట్టేయండి సార్, మంచిరోజు" అని తనే స్విచ్ వేసి, ఫోటో తీసుకుని మరీ వెళ్లాడు.

మరి నెట్ మీటర్ ఎందుకు రాలేదు? అడిగినప్పుడల్లా "అప్లికేషన్ పెట్టేశాం సార్, ఆఫీసులోనే లేటు" అనేవాడు. నేనే పీఎం సూర్యఘర్ (ఇంటి సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) పోర్టల్‌లోకి వెళ్లి చూస్తే దరఖాస్తు ఎప్పుడో ఆమోదమైంది. ప్యానెళ్ల వివరాలు, సీరియల్ నంబర్లు ఎక్కించాల్సింది తనే, ఎక్కించలేదు. ఎక్కిస్తే దొరికిపోతాడు. పీఎం సూర్యఘర్ సబ్సిడీ రావాలంటే డీసీఆర్ ప్యానెళ్లే పెట్టాలి. అంటే ప్యానెల్ ఇక్కడ బిగించినది అయితే చాలదు, ఎండని కరెంటుగా మార్చే లోపలి సెల్ కూడా మన దేశంలో తయారైనదే అయ్యుండాలి. మా ప్యానెళ్ల వెనక స్టిక్కర్ మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని శుభ్రంగా ఉంది. అది చూసే నేను పడిపోయాను. సెల్స్ బయటి దేశానివి. వాటి ధర తక్కువ, నా దగ్గర తీసుకున్నది మాత్రం డీసీఆర్ ధర. కొటేషన్‌లో 'డీసీఆర్' అన్న మాటే లేదు, నేను అడగనూ లేదు.

3 కిలోవాట్లకి సబ్సిడీ 78,000 రూపాయలు (మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000). అది సిస్టం పూర్తయి, తనిఖీ అయ్యాక మన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. "సబ్సిడీ సంగతి మేం చూసుకుంటాం" అని ఎవరన్నా అంటే, ఏం చూసుకుంటారో కాగితం మీద రాయించుకోండి.

నా అసలు తప్పు డబ్బు దగ్గర. 2,05,000 మాట్లాడుకుని, ప్యానెళ్లు ఎక్కించిన రోజు సాయంత్రమే మొత్తం ఇచ్చేశాను. పనివాళ్లు ఎండలో కష్టపడ్డారు, పైగా మా బావమరిదికి తెలిసినవాడు, మొహమాటం. కొన్నాళ్లు ఏవో సాకులు చెప్పి, తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాడు. కనీసం ఐదో వంతు అట్టే పెట్టుకోండి. నెట్ మీటర్ బిగించి, మొదటి బిల్లులో లైనుకిచ్చిన యూనిట్లు కనబడ్డాకే ఇవ్వండి.

కరెంటు పోతే సోలార్ పనిచేస్తుందనే అందరం అనుకుంటాం. పనిచేయదు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైనుకి కలిపి నడిచే) సిస్టం లైను పోగానే తనూ ఆగిపోతుంది, స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా. మొదటి కోతప్పుడు అమ్మ ఫ్యాను కింద కూర్చుని పైకి చూస్తూనే ఉంది పాపం. ఈ ముక్క మాకు ముందు ఎవరూ చెప్పలేదు.

నీడ కూడా చూసుకోండి, ఉదయమొకసారి, సాయంత్రమొకసారి. మూడింటికల్లా మా మెట్లగది నీడ రెండు ప్యానెళ్ల మీద పడుతుంది. అన్నిటినీ వరసగా కలుపుతారు కాబట్టి నష్టం ఆ రెండింటితో ఆగదు. రోజుకి 12 యూనిట్ల దాకా రావాల్సింది నడిచిన రోజుల్లో పదికే సరిపెట్టుకునేది. స్లాబుకి నేరుగా బోల్టులు దించనివ్వకండి, సిమెంటు దిమ్మెలు పోయించండి. ఎర్తింగ్ గుంటలు ఎన్ని తీశారో దగ్గరుండి లెక్కపెట్టండి.

ఇప్పుడు ఇన్వర్టర్ ఆపి ఉంచాను. పైన ప్యానెళ్లు ఊరికే ఎండుతున్నాయి, వాటివల్ల అమ్మకి వడియాలు పెట్టుకునే చోటు కూడా లేకుండా పోయింది. కాగితాలన్నీ జతచేసి పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాక ఫోన్ ఎత్తాడు. సోమవారం వచ్చి ప్యానెళ్లు మారుస్తానన్నాడు. ఇది మూడో సోమవారం.