కార్డు గడువు మీద వడ్డీ సంపాదించడం: నాలుగేళ్ల తర్వాత నా అనుభవం

క్రెడిట్ కార్డు బిల్లులో 'మినిమమ్ అమౌంట్ డ్యూ' అని, ఆ నెల కనీసం ఎంత కట్టాలో చెప్పే ఒక గడి ఉంటుంది. నాలుగేళ్లుగా నేను ఇష్టంగా చేస్తున్న ఒక పనిని ఆ గడి ఒక్క నెలలో తుడిచిపెట్టింది. ఏడాది కావస్తున్నా నాకు ఆ కోపం తగ్గలేదు. అందుకే రాస్తున్నాను.

నేను చేసేది చెప్పడానికి చాలా చిన్నది. ఇంటి ఖర్చు మొత్తం కార్డు మీద పెడతాను. జీతంలో ఆ ఖర్చుకు సరిపడే డబ్బును ముట్టుకోకుండా వడ్డీ వచ్చే చోట ఉంచుతాను. డ్యూ డేట్‌కి బిల్లు పూర్తిగా కట్టేస్తాను. ఈలోపు వచ్చిన వడ్డీ మాది. బ్యాంకు డబ్బుతో మనం నెల నడిపి, మన డబ్బును పనిలో పెట్టడం అన్నమాట.

మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. ఇద్దరివీ నెల జీతాలే. సరుకులు, కరెంటు, పెట్రోలు, మందులు, పాప స్కూలు, ఊరికి రాకపోకలు కలిపి నెలకు సగటున 65,000 కార్డు మీద వెళ్తుంది. అద్దె మాత్రం ఎప్పుడూ కార్డు మీద కట్టలేదు. అక్కడ తీసుకునే ఫీజులోనే లాభమంతా పోతుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది బిల్లు తేదీ మార్చుకునే వీలు. 2022 రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో కార్డు ఉన్నవాళ్లకు ఆ హక్కు ఇచ్చారు. మాకు జీతాలు నెలాఖరున పడతాయి. బ్యాంకును అడిగి బిల్లు తేదీని 12కు మార్పించుకున్నాను. దాంతో కట్టాల్సిన రోజు ఒకటో తేదీ అయింది. ఏప్రిల్ 13న ఏదైనా కొంటే జూన్ 1 దాకా, అంటే 49 రోజులు, రూపాయి కట్టక్కర్లేదు. అదే 12న కొంటే 19 రోజులే. ఒక్క రోజుకి ఇంత తేడా అని తెలిశాక, పెద్ద కొనుగోలు ఏదైనా 13 దాకా ఆపడం మా ఇంట్లో అలవాటైంది. మిక్సీ చెడిపోయినా, "ఏమండీ, ఇంకో నాలుగు రోజులు ఆగుదాం" అనేదాన్ని. ఆయన రోట్లో పచ్చడి చేసిపెట్టారు కానీ తొందరపెట్టలేదు.

2023 చివర్లో మా మరిది లండన్ నుంచి వచ్చినప్పుడు ఈ లెక్క చూపించాను. "నేనూ ఇదే చేస్తున్నా వదినా, మా దగ్గర దీన్ని స్టూజింగ్ అంటారు" అన్నాడు. అక్కడ వడ్డీ లేని కార్డంటే 49 రోజులు కాదు. కొన్ని కార్డుల్లో కొనుగోళ్ల మీద 20 నెలల దాకా సున్నా వడ్డీ. అతను రోజువారీ ఖర్చంతా ఆ కార్డు మీద పెట్టి, ప్రతి నెలా మినిమమ్ మాత్రమే కట్టి, మిగతాది సేవింగ్స్‌లో ఉంచుతున్నాడు. అప్పుడు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 5.25 శాతం. సేవింగ్స్‌లో కూడా 5 శాతం దాకా వచ్చేది. మామూలు పన్ను శ్లాబులో ఉన్నవాళ్లకు ఏడాదికి వెయ్యి పౌండ్ల వడ్డీ దాకా పన్ను కూడా లేదు. "ఒక్క నెల మినిమమ్ మరిచిపోయినా ఆఫర్ తీసేస్తారు వదినా. అందుకే దాన్ని ఖాతాలోంచి దానంతట అదే కట్టేలా ఆటో డెబిట్‌లో పెట్టేశా" అన్నాడు.

అతనికి అది రక్షణ. అదే మినిమమ్ ఆటో డెబిట్ ఇక్కడ మాకు ఏం చేసిందో చెప్తాను.

2025 ఏప్రిల్‌లో బ్యాంకు నా పాత కార్డు తీసేసి కొత్త రకం కార్డు ఇచ్చింది. ఖాతా నంబరు మారింది కాబట్టి ఆటో డెబిట్ మళ్లీ పెట్టుకోవాలి. పాత కార్డుకు నాలుగేళ్లుగా 'టోటల్ అమౌంట్ డ్యూ' మీదే నడిచింది. కొత్తదానికి యాప్‌లో పెడుతుంటే ఖాతా ఎంచుకోమంది, ఓటీపీ అడిగింది, అయిపోయింది అంది. మధ్యలో ఒక పేజీలో రెండు గుండ్రటి గుర్తులు ఉన్నాయి. అందులో మినిమమ్ అన్నది ముందే నొక్కి ఉంది. నేను చూడలేదు. బిల్లు కాగితం మీద 'మినిమమ్ మాత్రమే కడితే బాకీ నెలలు, సంవత్సరాలు సాగుతుంది' అన్న హెచ్చరిక ప్రముఖంగా ఉండాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, మా బిల్లులో ఉంది కూడా. కానీ నిర్ణయం తీసుకునేది ఆ యాప్ పేజీలో. అక్కడ ఒక్క ముక్క లేదు. నా ఫిర్యాదంతా అదే.

మే 12న వచ్చిన బిల్లు 1,48,300. మామూలుగా అంత రాదు. ఏప్రిల్ 18న పాప స్కూలు ఫీజు 92,000 కట్టాం, అందుకు. డబ్బంతా సిద్ధంగా ఉంది. ఆ డబ్బు ఉంచేది లిక్విడ్ ఫండులో, అంటే కొద్ది రోజులకైనా డబ్బు పెట్టుకునే మ్యూచువల్ ఫండులో. మే 28న అందులోంచి తీసి ఖాతాలో వేసి పెట్టాను. జూన్ 1న మదనపల్లెలో మా పిన్ని కూతురి పెళ్లి. తలంబ్రాల సమయానికి ఫోన్ మోగింది. మెసేజ్‌లో పైన కనిపించిన ముక్క 'పేమెంట్ అందింది, ధన్యవాదాలు'. ఏళ్లుగా ప్రతి ఒకటో తేదీనా వచ్చే మెసేజే. ఫోన్ లోపల పెట్టేశాను. తెరిచి చదివి ఉంటే 7,415 అని ఉండేది. బిల్లులో 5 శాతం.

ఖాతాలో మిగిలిన లక్షా నలభై వేలు అక్కడే ఉన్నాయి. మా ఆయన జీతం కూడా ఆ ఖాతాలోనే పడుతుంది కాబట్టి డబ్బు ఎక్కువగా ఉందని ఎవరికీ అనుమానం రాలేదు. కట్టాల్సిన డబ్బు కట్టాల్సిన ఖాతాలోనే ఉండి కూడా మేం బాకీదారులమయ్యాం. దీన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

జూన్ 12న వచ్చిన బిల్లును 15న తెరిచాను. వడ్డీ 9,850. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,773. మొత్తం 11,623.

పొరపాటు పడిందేమో అనుకున్నాను. 11 రోజుల ఆలస్యానికి పదకొండు వేలా? కూర్చుని లెక్క కట్టాక అర్థమైంది, అది 11 రోజుల వడ్డీ కాదు. బిల్లు పూర్తిగా కట్టకపోతే, గడువే లేనట్టు లెక్కేస్తారు. ప్రతి కొనుగోలుకూ కొన్న రోజు నుంచి వడ్డీ. ఫీజు కట్టిన ఏప్రిల్ 18 నుంచి జూన్ 1 దాకా 44 రోజులు, నెలకు 3.6 శాతం చొప్పున, అంటే ఏడాదికి 43 శాతం పైన. అంతేకాదు, పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు కూడా ఉచిత గడువు ఉండదు. మే 13 తర్వాత కొన్న పాలు, కూరగాయల మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడింది. మినిమమ్ కట్టాం కాబట్టి లేట్ ఫీజు ఒక్కటి పడలేదు.

ఆ రోజే మొత్తం కట్టేశాను. అయిపోయింది అనుకుంటే జూలై బిల్లులో మళ్లీ 817. జూన్ 12 నుంచి 15 దాకా మూడు రోజుల మిగులు వడ్డీ, దాని మీద జీఎస్టీ. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. "మినిమమ్ మీరే ఎంచుకున్నారు మేడమ్, రికార్డులో ఉంది" అన్నారు. మెయిల్ పెట్టాను. అదే జవాబు అక్షరాల్లో వచ్చింది. రూపాయి తిరిగి రాలేదు.

నాన్నగారికి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "అప్పు ఇచ్చినవాడి తేదీకి మనం అప్పు తీసుకోకూడదమ్మా, మన తేదీకి తీసుకోవాలి" అన్నారు. టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి, జీవితంలో కార్డు వాడలేదు. ఆ మాట నాకు బ్యాంకు జవాబు కంటే బాగా అర్థమైంది.

ఇప్పుడు లాభం సంగతి. నాలుగేళ్లు అందరికీ 'ఊరికే వచ్చే డబ్బు' అని చెప్తూ వచ్చాను. ఆ మాటను కొంచెం సరిచేసుకోవాలి.

నెలకు 65,000 ఖర్చు, సగటున 35 రోజుల గడువు అంటే ఎప్పుడు చూసినా సుమారు 75,000 బ్యాంకు డబ్బు మా దగ్గర తిరుగుతుంటుంది. 2021లో మొదలుపెట్టినప్పుడు ఆటో స్వీప్ ఖాతాలో, అంటే మిగులు డబ్బు దానంతట అదే డిపాజిట్‌గా మారే ఖాతాలో ఉంచాను. ఏడాది డిపాజిట్‌కు చెప్పిన 5 శాతం వస్తుందనుకున్నాను. రాలేదు. నెలనెలా డిపాజిట్ విరిచి బిల్లు కడుతుంటే, డబ్బు ఎన్ని రోజులు ఉందో అన్ని రోజుల రేటే ఇస్తారు. నెల రోజుల డిపాజిట్‌కు అప్పట్లో 3 శాతం లోపే. ఆ ఏడాది 2,100 వచ్చింది. తర్వాత లిక్విడ్ ఫండుకు మారాను. అందులో వారం దాటితే ఎగ్జిట్ లోడ్ (డబ్బు వెనక్కి తీసుకుంటే కోసే రుసుము) ఉండదు. మధ్యాహ్నం 3 లోపు అమ్మకానికి పెడితే తర్వాతి పని రోజున డబ్బు ఖాతాలో పడుతుంది. రెండో ఏడాది 3,700, మూడో ఏడాది 5,200, నాలుగో ఏడాది 5,300. మొత్తం 16,300.

ఇందులోంచి 12,440 ఒక్క గుండ్రటి గుర్తుకు పోయింది. మిగిలిన దానికంటే నాలుగేళ్ల వడ్డీ మీద కట్టిన పన్ను ఎక్కువ. 2023 ఏప్రిల్ తర్వాత పెట్టిన డబ్బు మీద ఇలాంటి ఫండ్ల లాభం మన శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. అంటే నాలుగేళ్ల శ్రద్ధకు చేతిలో ఏమీ మిగల్లేదు.

నో కాస్ట్ ఈఎంఐ, అంటే పైకి వడ్డీ లేకుండా నెలవారీ వాయిదాల్లో కొనడం గురించి కూడా చాలామంది అడిగారు, లండన్ పద్ధతికి దగ్గరగా ఉంటుంది కదా అని. ఒక్కసారి చేశాను. 36,000 ఫ్రిజ్, ఆరు నెలలు, నెలకు 6,000. వడ్డీకి సమానమైన తగ్గింపు ముందే ఇచ్చారు, బాగానే ఉంది. కానీ బ్యాంకు 16 శాతం లెక్కన వేసిన 1,628 వడ్డీ మీద జీఎస్టీ 293 మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీతో 235. ఆరు నెలల్లో ఆ డబ్బు మీద నాకు వచ్చింది 682. ఖర్చులు పోగా 154 రూపాయలు. వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచే సున్నా శాతం పథకాలను రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే తప్పుపట్టింది. మళ్లీ ఆ జోలికి వెళ్లలేదు.

ఇంకో విషయం మా పక్కింటి అక్క వల్ల తెలిసింది. ఆమె మమ్మల్ని చూసి మొదలుపెట్టింది, నాలుగు నెలల్లో ఆపేసింది. "డబ్బు ఖాతాలో కనబడుతుంటే మాదే అనిపిస్తోందే, చీరలు కొనేశాను" అంది. ఆమె భర్తది క్యాబ్ నడిపే పని, ఆదాయం నెలకోలా ఉంటుంది. ఆమె ఆపడమే మంచిదైంది. మాక్కూడా మొదటి ఏడాది ఖర్చు పెరిగింది. అందుకే బిల్లు డబ్బును జీతం వచ్చిన రోజే ఫండులోకి పంపి, ఆ ఫండుకు 'పాలవాడి డబ్బు' అని పేరు పెట్టుకున్నాం. పాలవాడి డబ్బును ఎవరూ ముట్టుకోరు కదా.

మరి ఇంకా చేస్తున్నారా అంటే, చేస్తున్నాం. 2025 ఫిబ్రవరి నుంచి రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.5 నుంచి దిగుతూ వచ్చింది, ఫండు రాబడి కూడా తగ్గింది. కానీ పెద్ద బ్యాంకుల సేవింగ్స్ వడ్డీ 2.5కు పడిపోయింది, ఆ తేడా ఇంకా ఉంది. మా ఇద్దరివీ నికరమైన జీతాలు కాబట్టి, నాకు లెక్క రాసుకోవడం ఇష్టం కాబట్టి మాకు సరిపోతోంది. ఇంట్లో ఒక్కరి సంపాదనే ఉన్నవాళ్లకో, త్వరలో ఇంటి లోను తీసుకోబోయేవాళ్లకో నేను చెప్పను. ఆ లక్షన్నర బిల్లు మా లిమిట్‌లో సగం పైన ఉండేసరికి ఆ నెల మా సిబిల్ స్కోరు కూడా తగ్గింది. తర్వాత మళ్లీ లేచిందనుకోండి, కానీ అప్పుడే లోనుకు వెళ్లి ఉంటే ఇబ్బందే.

ఆటో డెబిట్‌ను 'టోటల్'కు మార్చాను, కానీ దాని మీద ఆధారపడటం మానేశాను. ఇప్పుడు ప్రతి నెలా 27న మా ఆయన ఫోన్‌లో అలారం మోగుతుంది. ఆయన బిల్లు అంకె చదువుతారు, నేను చేత్తో కడతాను, మెసేజ్‌లో వచ్చిన అంకె ఆయన మళ్లీ పైకి చదువుతారు. నిన్న రాత్రి కట్టిన బిల్లు 58,214. మెసేజ్‌లో కూడా 58,214 అనే వచ్చింది.