ఆరేళ్లుగా మూడు డ్రైవ్‌లు, ఒకటే పద్ధతి: మ్యూజిక్ ఫైళ్లు సర్దుకున్న నా అనుభవం

ఈ పద్ధతి మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. ఈలోగా ఒక కంప్యూటర్ మారింది, ఒక డ్రైవ్ పోయింది, రెండుసార్లు విండోస్ మొత్తం ఫ్రెష్‌గా ఎక్కించా, అయినా పాత పాట దాదాపు ఏది ఓపెన్ చేసినా ఇవాళ్టికీ అన్ని ట్రాకులూ పలుకుతున్నాయి కాబట్టి ఇక దీని గురించి రాయొచ్చు అనిపించింది. కొత్త డ్రైవ్ పెట్టిన వారానికి స్పీడ్ నంబర్లు తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు, స్టోరేజ్ సంగతి అసలు తెలిసేది మూడేళ్ల నాటి ప్రాజెక్ట్ మళ్ళీ తెరవాల్సి వచ్చినప్పుడే.

ముందు సెటప్ చెప్తా. డెస్క్‌టాప్‌లో 1 టీబీ ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) ఒకటి, అందులో విండోస్, మ్యూజిక్ చేసే సాఫ్ట్‌వేర్లు రీపర్, ఏబుల్టన్, వాటికి తగిలించుకునే వాయిద్యాలు, ఎఫెక్టులు అంటే ప్లగిన్లు, అంతే. రెండోది 2 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (దానికంటే నెమ్మది రకం), శాంపిల్ లైబ్రరీలకి, అంటే వాయిద్యాల సౌండ్‌ని రికార్డ్ చేసి అమ్మే కట్టలకి. మూడోది 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, ప్రాజెక్టులకి, రికార్డింగులకి. ఇవి కాక బ్యాకప్‌కి బయట 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు.

అంతకుముందు నాక్కూడా అన్నీ సీ డ్రైవ్‌లోనే ఉండేవి. ఒక సింగర్ మెయిల్‌లో పంపిన వోకల్ టేకులు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోంచి నేరుగా ప్రాజెక్ట్‌లోకి లాగి పడేసి మూడు రోజులు కూర్చుని ఎడిటింగ్ చేశా, ట్యూనింగ్ చేశా, తర్వాత ఓఎస్ మార్చేటప్పుడు ప్రాజెక్ట్ ఫోల్డర్ జాగ్రత్తగా కాపీ చేసుకుని మిగతాదంతా ఫార్మాట్ కొట్టా. రీపర్‌లో కాపీ చేసుకునే ఆప్షన్ ఒకటుంది, అది ఆన్ చేసుకోకపోతే మనం లాగి వేసిన ఆడియో ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ అవ్వదు, అది ఎక్కడుందో ఆ దారి మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది, ఈ విషయం నాకు అప్పుడే తెలిసింది. తెరిచి చూస్తే కట్ చేసిన ముక్కలన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి, లోపల సౌండ్ లేదు. ఆ సింగర్ దగ్గర కూడా టేకులు లేవు. పాపం మళ్ళీ పాడి పంపింది, బాగానే పాడింది, కానీ చరణం చివర్లో మొదటిసారి వచ్చిన ఆ చిన్న వణుకు మళ్ళీ రాలేదు. అది ఇప్పటికీ బాధే నాకు.

ఆ రోజు నుంచి ఫైళ్లని స్పీడ్‌ని బట్టో సైజుని బట్టో కాకుండా ఒక్క ప్రశ్నతో విడదీస్తున్నా: ఇది పోతే మళ్ళీ దొరుకుతుందా, దొరకదా? కొన్న లైబ్రరీ 80 జీబీ ఉన్నా సరే పోతే మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుంటాం. ఫోన్‌లో హమ్ చేసి పెట్టుకున్న 2 ఎంబీ ట్యూన్ పోతే పోయినట్టే. అందుకే మళ్ళీ దొరికేవన్నీ శాంపిల్ డ్రైవ్‌లోకి, దొరకనివన్నీ ప్రాజెక్ట్ డ్రైవ్‌లోకి వెళ్తాయి, బ్యాకప్ ఈ రెండోదానికే. నేను స్వయంగా రికార్డ్ చేసి కాంటాక్ట్ అనే శాంపిల్స్ వాయించే ప్లగిన్‌లో తయారు చేసుకున్న ఇన్‌స్ట్రుమెంట్లు కూడా చూడ్డానికి శాంపిల్సే అయినా ఉండేది మాత్రం ప్రాజెక్ట్ డ్రైవ్‌లోనే.

నాలుగో ఏడు శాంపిల్ ఎస్‌ఎస్‌డీ ముందు ఏ సూచనా లేకుండా ఒక పొద్దున కనిపించడం మానేసింది. అప్పుడు ఈ పద్ధతి విలువ తెలిసింది. దానిలో ఒక్క ఫైల్ కూడా ఏడవాల్సినది లేదు. కొత్త డ్రైవ్ పెట్టి, పాతదానికున్న లెటరే ఇచ్చి, అవే పేర్లతో ఫోల్డర్లు కట్టి, నాలుగైదు రాత్రులు డౌన్‌లోడ్లు పెట్టి పడుకున్నా, తర్వాత ప్రాజెక్టులు తెరిస్తే శాంపిల్స్ ఎక్కడున్నాయో చూపించమని ఒక్కటీ అడగలేదు.

దీనికి కారణం డ్రైవ్ లెటర్. చాలామంది దీన్ని పట్టించుకోరు కానీ సగం తలనొప్పులు ఇక్కడే పుడతాయి. విండోస్ కొత్త డ్రైవ్‌కి ఖాళీగా ఉన్న తర్వాతి లెటర్ ఇచ్చేస్తుంది, ఇవాళ ‘ఈ’ (E) అన్న లెటర్ రేపు పెన్ డ్రైవ్ గుచ్చి ఉంచితే ‘ఎఫ్’ (F) అవ్వొచ్చు, ప్రాజెక్టులోనేమో పాత అడ్రస్సే రాసి ఉంటుంది. అందుకని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి శాంపిల్స్‌కి ఎస్, ప్రాజెక్టులకి పీ అని పెట్టుకున్నా, పెన్ డ్రైవ్‌లు అంత దూరం రావు. మ్యాక్‌లో లెటర్లుండవు, అక్కడ డ్రైవ్ పేరే అడ్రస్, కాబట్టి ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదు. మ్యాక్‌లో లాజిక్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకైతే సౌండ్ లైబ్రరీని వేరే డ్రైవ్‌కి మార్చే ఆప్షన్ అందులోనే ఉంది, ఫైండర్‌లో చేత్తో లాగొద్దు.

స్పీడ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ ఒకటి సెకనుకి 144 కేబీ మాత్రమే. 60 ట్రాకులు ఒకేసారి ప్లే చేసినా 9 ఎంబీ దాటదు, సాధారణ హార్డ్ డిస్క్ కూడా వరసగా చదివితే సెకనుకి 150 ఎంబీ దాకా ఇస్తుంది. మరి లైబ్రరీలు హార్డ్ డిస్క్ మీద ఎందుకు పొడిపొడిగా, టపటపమంటూ పలుకుతాయి అంటే, పియానోలో ఒక్కో నోటుకి మెల్లగా కొట్టింది గట్టిగా కొట్టింది అని బోలెడు లేయర్లుంటాయి, ఒక కార్డ్ (కలిపి కొట్టే నోట్లు) నొక్కామంటే డిస్క్ మీద పదిచోట్ల వెతకాలి, ఒక్కో చోటికి చదివే హెడ్ జరగడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు, పెడల్ నొక్కిపెట్టి గబగబా వాయిస్తే అది అందుకోలేదు. కాంటాక్ట్ ప్రతి శాంపిల్ మొదటి ముక్కని మాత్రం ర్యామ్‌లో పెట్టుకుని మిగతాది డిస్క్ నుంచి తెచ్చుకుంటూ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ వచ్చాక ఆ ప్రీలోడ్ బఫర్‌ని 60 కేబీ నుంచి 12కి దించా, ర్యామ్ బాగా మిగిలింది, సౌండ్‌లో తేడా లేదు.

అయితే సాటా నుంచి ఎన్‌వీఎంఈకి వెళ్తే కూడా అంత లాభమా అంటే నా అనుభవంలో కాదు. కాగితం మీద సాటా 550 ఎంబీ, ఎన్‌వీఎంఈ 3500, కానీ ఒక ఆర్కెస్ట్రా లైబ్రరీని అటు మార్చి చూశా, లోడింగ్ కొంచెం తగ్గింది తప్ప ఆరింతలేం కాలేదు, ఎందుకంటే కంప్రెస్ అయిన శాంపిల్స్‌ని విప్పడం, స్క్రిప్టులు నడపడం ప్రాసెసర్ పని. మళ్ళీ సాటాకే తెచ్చేశా. అంతకంటే డ్రైవ్‌ని అంచు దాకా నింపకపోవడం ముఖ్యం. నాది ఒకసారి 95 శాతం దాకా నిండింది, రాయడం నత్తనడక అయిపోయింది, అప్పట్నుంచి 15 శాతం ఖాళీగా వదిలేస్తున్నా.

ప్లగిన్లని సీ డ్రైవ్ నుంచి కదపొద్దు. వీఎస్‌టీ3 అనే రకం ప్లగిన్లకి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కామన్ ఫైల్స్ కింద దాని చోటు దానికుంది, అక్కడే ఉండనివ్వండి. చోటు తినేది ప్లగిన్ కాదు, దాని వెంట వచ్చే కంటెంట్. కొన్ని ఇన్‌స్టాలర్లు అడక్కుండానే దాన్ని సీలో పెట్టేస్తాయి, అలాంటి ఫోల్డర్లని ఎస్‌లోకి మార్చి పాత చోట విండోస్‌లోని ఎంకేలింక్ కమాండ్‌తో జంక్షన్ (కొత్త చోటికి దారి చూపే లింకు) పెట్టా. ప్లగిన్ దృష్టిలో అది ఇంకా సీలోనే ఉన్నట్టు. ఇలా ఎనిమిది ఫోల్డర్లున్నాయి, బాగా పనిచేస్తున్నాయి, కాకపోతే రెండుసార్లు అప్‌డేట్ వచ్చినప్పుడు ఇన్‌స్టాలర్ ఆ జంక్షన్‌ని తీసేసి అసలు ఫోల్డరే కట్టేసింది, సీ ఉన్నట్టుండి నిండిపోయి ఎర్రగా అయింది. ఇప్పుడు ఎక్కడెక్కడ జంక్షన్లున్నాయో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పీలో ఉంచుకున్నా, పెద్ద అప్‌డేట్ అయితే ఒకసారి సరిచూస్తా.

డాక్యుమెంట్స్ ఫోల్డర్ సంగతి మర్చిపోవద్దు. చాలా సింథ్‌లు (సౌండ్ పుట్టించే ప్లగిన్లు) మనం సేవ్ చేసుకున్న ప్రీసెట్లు, అంటే సౌండ్ సెట్టింగులు, అక్కడే పెడతాయి, అవి కూడా మళ్ళీ దొరకనివే. పైగా అది క్లౌడ్ సింక్‌లో ఉంటే చోటు కలిసొస్తుందని ఫైళ్లని పైకి పంపేసి ఇక్కడ ఉత్త పేర్లు ఉంచుతుంది, నెట్ లేని చోట ప్రాజెక్ట్ తెరిస్తే అప్పుడు తెలుస్తుంది. నేను డాక్యుమెంట్స్‌కి సింక్ తీసేసి వారానికోసారి పీలోకి కాపీ పెడుతున్నా.

పూర్తయిన ప్రతి పాటకీ స్టెమ్స్, అంటే ఒక్కో ట్రాక్‌ని విడి ఆడియో ఫైల్‌గా, దించి పెడతా, అన్నీ ఒకటో బార్ నుంచి మొదలయ్యేలా, 24 బిట్ వేవ్‌లో, ఎఫెక్టులతో ఒక సెట్, లేకుండా ఒక సెట్. డ్రైవ్‌లు ఎంత బాగా సర్దినా ప్లగిన్ కాలం తీరిపోతే చేసేదేం లేదు, నా దగ్గర 32 బిట్ ప్లగిన్లతో చేసిన పాటలు కొన్ని ఇప్పుడు స్టెమ్స్‌గానే బతికున్నాయి. ఏబుల్టన్ ప్రాజెక్టులైతే వాడిన ఫైళ్లన్నీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి తెచ్చుకునే కలెక్ట్ ఆల్ అండ్ సేవ్ కొట్టకుండా మూయను.

బ్యాకప్ రాత్రిపూట దానంతటదే అవుతుంది, పాత వెర్షన్లు ముప్పై రోజులు ఉంచేలా పెట్టా. ఉత్త అద్దంలాంటి కాపీ అయితే ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరిగిపోతుంది, ఎస్‌ఎస్‌డీలో చెరిపిన చోటుని ఖాళీ చేసేసే ట్రిమ్ వల్ల చెరిపిన ఫైల్ రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి రావడం దాదాపు కుదరదు. రెండు హార్డ్ డిస్కుల్లో ఒకటి వేరే ఇంట్లో ఉంటుంది, నెలకోసారి మారుస్తా. కరెంటు లేకుండా చాలాకాలం పక్కన పడేసే డేటాకి ఎస్‌ఎస్‌డీ వాడను, హార్డ్ డిస్కే.

నచ్చనివి కూడా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌తో బయట పని చేయాలంటే ఈ పద్ధతి మొత్తం వెంట రాదు, ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీలో ఆ ఒక్క ప్రాజెక్టూ, దానికి కావల్సిన లైబ్రరీలూ మోసుకెళ్లాలి. అది మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ నడవాలంటే డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో పెట్టక తప్పదు, దానికి జర్నలింగ్ (చేయబోయే మార్పుల్ని ముందే నోట్ చేసుకోవడం) లేదు, రాస్తుండగా కేబుల్ ఊడితే ఫోల్డర్లే గల్లంతు. నాకు ఒకసారి సగం సెషన్ అలా పోయింది. ఇంకోటి, ఒకే డ్రైవ్‌ని రెండు పార్టిషన్లు చేసి ఇదే పద్ధతి అనుకుంటే ఉపయోగం లేదు, పోయేటప్పుడు రెండూ కలిసే పోతాయి.

ప్రాజెక్ట్ డ్రైవ్‌కి ఇప్పుడు ఆరేళ్లు నిండాయి, హెల్త్ బాగానే చూపిస్తోంది కానీ ఆగను, ఈ నెల్లోనే 2 టీబీది పెడుతున్నా. లెటర్ మాత్రం పీయే.