జిమ్మా, పార్కా, ఇంట్లో చాపా?

వ్యాయామం మంచిదని తెలియనివారు ఇప్పుడు ఎవరూ లేరు. షుగరు పరీక్ష కాగితం చూసి డాక్టరు చెప్పే మొదటి మాట అదే. అయినా లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మంది ఒంటికి చాలినంత పని చెప్పడం లేదు. మగవారిలో 42 శాతం, ఆడవారిలో 57 శాతం. తెలిసీ చేయనివాళ్లమే ఎక్కువ. కాబట్టి ఎందులో ఎన్ని కేలరీలు కరుగుతాయన్న లెక్క పక్కన పెట్టి, జిమ్ము, పార్కులో నడక, ఇంట్లో చాప, ఈ మూడింటిలో ఆరు నెలల తర్వాత కూడా ఏది మనల్ని వదలకుండా పట్టుకుంటుందో చూద్దాం. నేను వాడే కొలత ఒక్కటే: మానేస్తే అడిగేదెవరు?

జిమ్ము బలం డబ్బులో ఉందనుకుంటాం. ‘ఏడాదికి కట్టేశాను, దండగ కాకూడదనైనా వెళ్తాను’ అని మనకు మనమే నచ్చజెప్పుకుంటాం. అమెరికాలో స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు మూడు హెల్త్ క్లబ్బుల హాజరు లెక్కలు తీసి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కడుతున్నవారు సగటున నెలకు నాలుగుసార్లు వెళ్లారు, అంతే. అంటే వెళ్లిన ఒక్కో రోజుకు 17 డాలర్లకు పైనే పడింది. పదిసార్లు వెళ్లే పాసు కొనుక్కుని ఉంటే ఒక్కోసారికి పది డాలర్లతో పోయేది. జనవరి ఒకటినో, ఉగాదినో ఉన్న ఊపు ఏడాదంతా ఉంటుందని నమ్మి కడతాం; ఆరంభశూరత్వానికి ముందే చెల్లించే రుసుము అది. మనం రాలేదని జిమ్ముకు బెంగ ఉండదు, ఒక ట్రెడ్‌మిల్ ఖాళీగా మిగులుతుంది. పైగా నలభై అయిదేళ్ల మనిషికి ఆ అద్దాలూ, చెవులు పగిలే పాటలూ, చుట్టూ పాతికేళ్ల కుర్రాళ్లూ: తాను తప్పుచోటికి వచ్చానేమో అనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి?

పార్కు తీరు వేరు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులోనో తెల్లవారుజామున కాసేపు నిలబడి చూడండి. రిటైరైన బ్యాంకు మేనేజరు, మందుల షాపు యజమాని, లెక్కల మాస్టారు ముగ్గురూ ఒక వరుసలో నడుస్తుంటారు. రాజకీయాలు, పిల్లల వీసాలు, మోకాళ్ల నొప్పులు అన్నీ ఆ వరుసలోనే తేలిపోతాయి. వీరిలో ఒకరు రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు ఫోను వస్తుంది: “ఏం మాస్టారూ, ఒంట్లో బాగాలేదా?” ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడం కన్నా బూట్లు వేసుకోవడమే తేలిక. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ ర్యాన్ అనే మనస్తత్వవేత్తలు మనిషి ఒక పనిని ఇష్టంగా కొనసాగించాలంటే మూడు కావాలన్నారు: తన ఇష్టంతోనే చేస్తున్నానన్న భావన, చేయగలనన్న ధీమా, తోటివారితో బంధం. నడక ఎవరూ నేర్పక్కరలేదు కాబట్టి ధీమాకు లోటు లేదు. బంధం సంగతి చెప్పనే అక్కరలేదు.

లోపం కూడా ఆ బంధంలోనే ఉంది. మాటల్లో పడి నడక మందగిస్తుంది. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలన్నది వేగానికి గుర్తు. మన బృందాల్లో చాలావరకు కచేరీ చేసేంత తీరిక ఉంటుంది. గేటు దగ్గర రాగిజావతో ఆగితే పరవాలేదు, పక్క వీధిలో నెయ్యికారం దోసె దాకా వెళ్తే నడిచిందంతా ప్లేటులోకి తిరిగొస్తుంది. అయినా నేను వీళ్ల పక్షమే. నెమ్మదిగానైనా రేపు కూడా వస్తారు.

ఇక ఇంట్లో చాప పరిచి, ఫోనులో వీడియో పెట్టుకుని చేసే వ్యాయామం. పైసా ఖర్చు లేదు, అడిగేవారూ లేరు. మంచం రెండడుగుల దూరంలోనే ఉంటుంది. మగవాళ్లకు ఇది చివరి దారి అంటాను. ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి నా కొలత సరిపోదు. తెల్లవారుజామున నడకకు వెళ్లిన మగవాడు తిరిగొచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంటుంది. ఆ కాఫీ పెట్టినావిడ నడక ఎప్పుడు? పాలు, టిఫిను, క్యారియర్లు, స్కూలు బస్సు అన్నీ అదే గంటలో ఉన్నాయి. ‘ఇంటి పనే నీకు వ్యాయామం కదా’ అనే మాట సగమే నిజం. ఇంటి పనిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ శారీరక శ్రమ కింద లెక్కిస్తుంది, కానీ వారానికి అది సూచించిన వ్యాయామంలోకి రావాలంటే గుండె వేగం పెరగాలి. స్టవ్ ముందు గంటసేపు నిలబడితే వచ్చేది నడుం నొప్పి. అందుకే చాలామంది గృహిణులకు పదకొండు గంటల వేళ చాపే మేలు, అదీ పై అంతస్తు ఆవిడను తోడు పిలుచుకుంటే. ఇంట్లో మగవాళ్లు వారానికి మూడు రోజులు క్యారియర్ల పని అందుకుంటే పార్కు ఆమెకూ అందుతుంది. దీనికి పట్టుదల కన్నా పని పంపకం ముఖ్యం.

‘మనవాళ్లకు క్రమశిక్షణ లేదు’ అనేవారితో నాకు పేచీ ఉంది. మెట్లెక్కడానికి ఆయాసపడే మనిషి ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణలో సుమారు 32 కిలోమీటర్లు కాళ్లకు చెప్పులు లేకుండా నడుస్తాడు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు చన్నీటి స్నానం తప్పదు. మొక్కు, మాల, చుట్టూ తోటి స్వాములు ఉంటే చేయగలం. అయితే లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మన మండలం దీక్ష చాలదు, ఒకటిన్నరకు పైనే కావాలి. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదనీ ఆ అధ్యయనమే తేల్చింది. దీక్షకు భంగం ఉంటుంది, నడకకు ఉండదు. వర్షానికి ఒక రోజు మానేసి, ‘ఇక సోమవారం నుంచి’ అనుకునేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

కొత్తగా మొదలుపెట్టేవారైతే పార్కుకే వెళ్లండి. జిమ్మును కొట్టిపారేయడం లేదు: వారానికి కనీసం 150 నిమిషాల వేగమైన నడక లాంటి శ్రమతో పాటు రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది, ఆ పని ఒక్క నడకతో తీరదు. నడక కుదిరాక, తోటి నడక మిత్రుడితో కలిసి, నెల రుసుము మాత్రమే కట్టి చేరండి. మే నెల ఎండకూ, జూలై వానలకూ పార్కు ఖాళీ అయినప్పుడు అపార్ట్‌మెంటు సెల్లారులో కార్ల మధ్య నడవచ్చు, వాచ్‌మన్ నవ్వినా సరే.