తొమ్మిది కోసం ఆరువేల ఐదువందలు: బెంగళూరులో ఫ్యాన్సీ నంబరు తీసుకున్న అనుభవం

బెంగళూరులో కారు కొనే తెలుగు ఇంట్లో రంగు గురించి పది నిమిషాలు, నంబరు గురించి పది రోజులు చర్చ జరుగుతుంది. మా ఇంట్లో పన్నెండు రోజులు జరిగింది. హిందూపురంలో ఉండే మా అత్తగారు, నాలుగంకెలూ కూడితే తొమ్మిది రాని బండిలో తాను కూర్చోనని తేల్చి చెప్పడంతో, అలాంటి వాటి మీద పెద్దగా నమ్మకం లేని నేను కూడా డీలరు పరిచయం చేసిన ఒక ఏజెంటు ద్వారా ఫ్యాన్సీ నంబరుకు దరఖాస్తు పెట్టాను. ఆ ఏజెంటు సేవ గురించి, ఆ తర్వాత జేసీ రోడ్డులో నంబర్ ప్లేట్లు బిగించే ఒక దుకాణం గురించి నా అభిప్రాయం ఇది. ఏజెంటుకు ఐదుకు రెండు మార్కులు, దుకాణానికి నాలుగున్నర. ఇద్దరి పేర్లూ రాయడం లేదు.

ముందుగా, ఇక్కడ డబ్బిచ్చి కొనేది ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. మన దేశంలో ప్లేటు మీద సొంత పేరు రాయించుకునే వీలు లేదు. రాష్ట్రం అక్షరాలు, ఆర్టీవో కోడు, నడుస్తున్న సిరీస్ అక్షరాలు మన చేతిలో లేనివి. కోరమంగళకు కేఏ 01, ఇందిరానగర్‌కు 03, జయనగర్‌కు 05, కేఆర్ పురానికి 53 అని ముందే నిర్ణయమై ఉంటాయి. మనం కోరుకోగలిగేది చివరి నాలుగంకెలను మాత్రమే, అదీ ప్రభుత్వ రుసుము కట్టి, ఒకే అంకె మీద ఎక్కువమంది కన్ను పడితే వేలంలో పాడి. అందువల్ల ఇంగ్లండులో జనం మురిసిపోయే పేర్ల ప్లేట్లకూ మన ఫ్యాన్సీ నంబర్లకూ పోలిక కొంతవరకే కుదురుతుంది.

అక్కడ వాహనాల శాఖే 1989 నుంచి ఇలాంటి ప్లేట్లను అమ్ముతోంది. అక్షరాలనూ అంకెలనూ కలిపి పేరులా, ఇంటిపేరులా, వృత్తిలా చదివించుకుంటారు. 2014లో '25 ఓ' అనే ప్లేటు వేలంలో 4 లక్షల పౌండ్లు పలికింది, రుసుములూ పన్నూ కలిస్తే 5 లక్షలు దాటింది. ఫెరారీ 250 మీద అంకె, అక్షరం కలిసి ఆ మోడల్ పేరులా కనిపించడమే ఆ ధరకు కారణం. వాళ్ల మామూలు ప్లేటులో బండి ఏ ఏడాదిదో తెలిపే అంకెలు ఉంటాయి కాబట్టి, పేరు ప్లేటు తగిలిస్తే బండి వయసు పక్కింటివాడికి తెలియకుండా పోతుంది. అయితే పాత బండిని కొత్తదిలా చూపించే ప్లేటు పెట్టకూడదని నిబంధన ఉంది. అంటే వయసు దాచవచ్చు, తగ్గించి చెప్పకూడదు. పెళ్లిచూపులకు కూడా ఈ నిబంధన ఉంటే బాగుండేదని మా ఆవిడ అన్నది.

ఉత్తరాదివారిది ఇంకో పద్ధతి. వాళ్లు అంకెల ఆకారాన్ని అక్షరాలుగా చదువుతారు. 8055ను కాస్త వంచి రాస్తే ఇంగ్లిషులో 'బాస్' అవుతుంది, 4141ని దేవనాగరిలో 'పాపా' అని, 0214ను 'రామ్' అని చదివిస్తారు. గుండ్రటి తెలుగు అక్షరాలతో ఈ పని సాగదు. సున్నా తప్ప మరే అంకే మన లిపిలోకి ఒదగదు. అందుకే కాబోలు, తెలుగువాడు అంకెలను చదవడు, కూడతాడు. నాలుగూ కూడి, రెండంకెలు వస్తే మళ్లీ కూడి, చివరికి మిగిలిన ఒక్క అంకెకు ఒక గ్రహాన్ని అప్పగిస్తాడు. తొమ్మిది కుజుడిది, అయిదు బుధుడిది, ఆరు శుక్రుడిది. ఎనిమిది శనిది కాబట్టి ఆ మొత్తం వచ్చే నంబరు ఉచితంగా ఇచ్చినా వద్దంటారు. 2025 నవంబరులో హరియాణా వేలంలో ఒక ప్లేటుకు 1.17 కోట్ల రూపాయల పాట వచ్చింది. అందులో ఉన్న అంకెలన్నీ ఎనిమిదులే, మధ్యలో అక్షరం కూడా ఎనిమిదిలా కనిపించే 'బి'. పాడినవారు గడువులోగా డబ్బు కట్టలేదు. ఆ వార్త వినిపించినప్పుడు మా అత్తగారికి ఆ ధర కన్నా, శనిని నాలుగు రెట్లు చేసి ఇంటికి పిలుచుకోబోయిన వాళ్ల ధైర్యమే ఆశ్చర్యంగా అనిపించింది.

ఫ్యాన్సీ నంబరు అనగానే ఆడంబరం అనుకుంటాం. సిల్క్ బోర్డు కూడలిలో రోజూ అరగంట ఆగి ముందున్న ప్లేట్లు చదివే అలవాటు వల్ల నాకు వేరే అభిప్రాయం ఏర్పడింది. మనవాళ్లలో నంబరు మీద డబ్బు పెట్టేవాళ్లలో ఎక్కువమంది దర్పం చూపడానికి పెట్టడం లేదు, భయం కొద్దీ పెడుతున్నారు. దర్పం కోసం కొనేది చూడగానే గుర్తుండే నంబర్లు. హైదరాబాదులో 2024లో టీజీ సిరీస్ మొదలయ్యాక ఖైరతాబాదు కార్యాలయంలో 9999 నంబరు 25 లక్షలు దాటి పోయింది. కొచ్చిలో 2025 ఏప్రిల్‌లో 0007 నంబరు దాదాపు 46 లక్షలు పలికింది. అలాంటి ప్లేటు దూరం నుంచే కనిపించాలని కొంటారు. మొత్తం తొమ్మిది వచ్చేలా ఎంచుకున్న నంబరు మాత్రం ఎవరి కంటా పడదు. కాగితం మీద కూడి చూస్తే తప్ప దానికి డబ్బు పెట్టారని ఎదుటివాడికి తెలియదు. ఎవరికీ కనిపించని అలంకారానికి వేలు ఖర్చు పెట్టడాన్ని డాబు అనలేం.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. 1 నుంచి 9999 వరకు ఉన్న సంఖ్యల్లో చివరి మొత్తం తొమ్మిది వచ్చేవి సరిగ్గా 1111. అంటే ఏమీ కట్టకుండా వరుసలో వచ్చిన నంబరు తీసుకున్నా తొమ్మిదిలో ఒక వంతు అవకాశం ఉంటుంది. ఈ మాట ఏజెంటు చెప్పడు. నేను అడిగినప్పుడు, "నిజమే సార్, కానీ మిగతా ఎనిమిది వంతుల్లో పడితే ఇంట్లో సమాధానం ఎవరు చెప్తారు?" అన్నాడు. అతని నుంచి నేను విన్న నిజాయితీ గల మాట అదొక్కటే.

సేవ విషయానికి వస్తే, ప్రభుత్వ రుసుము కాక తన వంతుగా 6,500 రూపాయలు తీసుకున్నాడు. రుసుముకు రసీదు ఉంది, ఆరువేల ఐదువందలకు లేదు. మొదటి రోజు నేను ఎంచుకున్న నంబరును 'బ్లాక్ చేశాను' అని చెప్పి, నాలుగో రోజు అది వేరొకరికి వెళ్లిందని, సిరీస్ ముందుకు జరిగిందని చెప్పాడు. నిజానికి అప్పటివరకు దరఖాస్తే పెట్టలేదని, ఆర్టీవో కార్యాలయానికి నేను స్వయంగా వెళ్లి అడిగినప్పుడు కౌంటరు దగ్గర తెలిసింది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడుతుండగా అతను ఫోను ఎత్తడం మానేశాడు. చివరికి కౌంటరు దగ్గరే అడిగి, కావలసిన కాగితం నేనే నింపి, అదే మొత్తం వచ్చే మరో నంబరు తీసుకున్నాను. ఆ పని మొత్తానికి పట్టింది రెండు గంటలు. అతనికిచ్చిన రెండు మార్కులు కూడా, మంచి నంబర్లలో మిగిలినవేవో రాసి పంపిన జాబితాకే.

ఈలోగా ఇంకో చిక్కు వచ్చింది. నాలుగంకెలు కూడితే చాలని మా అత్తగారి జ్యోతిష్కుడు అంటే, ప్లేటు మొత్తం కూడాలని ఏజెంటు వాదించాడు. అతని పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాలకు కూడా విలువలున్నాయి: కే అంటే రెండు, ఏ అంటే ఒకటి. మా ఆర్టీవో కోడు మూడు, సిరీస్‌లోని రెండక్షరాలకు చెరొక అయిదు. అన్నీ కూడితే పదహారు, దానికి నాలుగంకెల తొమ్మిది కలిపితే ఇరవై అయిదు, చివరికి ఏడు, అంటే కేతువు. ప్లేటు మొత్తం తొమ్మిది కావాలంటే నాలుగంకెల మొత్తం రెండు రావాలి, అప్పుడు జ్యోతిష్కుడికి కుదరదు. హిందూపురానికి ఫోను చేసి అడిగితే, కర్ణాటక అక్షరాలు ప్రభుత్వానివి, వాటి ఫలం ప్రభుత్వానికే పోతుందని ఆయన తీర్పు చెప్పారు. ఇంత చక్కని వివరణ నాకు ఏ ఆర్టీవోలోనూ దొరకలేదు.

భయంతోనో దర్పంతోనో సంబంధం లేని నంబర్లూ ఉన్నాయి, ప్లేటు చూసి మనిషిని అంచనా వేసే అలవాటు అక్కడ తప్పుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో కర్నూలు నుంచి వచ్చిన ఒకాయన కారు కొన్నప్పుడు, ఏ మొత్తానికీ కుదరని, ఏ వరుసా లేని ఒక నంబరు కోసం అదనంగా రుసుము కట్టి, సిరీస్‌లో అది వచ్చేవరకు ఆగారు. ఇంత మామూలు నంబరుకు డబ్బెందుకని మేము లిఫ్టులో నవ్వుకున్నాం. తర్వాత ఒకరోజు పార్కింగులో ఆయనే చెప్పారు: అది వాళ్ల నాన్నగారి బజాజ్ చేతక్ నంబరు. ముందున్న ఏపీ 21 మారి కేఏ 03 అయింది గానీ చివరి నాలుగంకెలు అవే. చిన్నప్పుడు సాయంత్రం బడి గేటు దగ్గర నిలబడి, వచ్చే స్కూటర్లన్నిటి అంకెలు చూస్తూ తమది ఎప్పుడొస్తుందా అని ఎదురు చూసేవారట. ఎవరి కంటికీ ఫ్యాన్సీగా కనిపించని ఆ నంబరుకు ఆయన కట్టిన రుసుము, నేను తొమ్మిది కోసం కట్టినదానికన్నా సార్థకమైనదని ఒప్పుకోవాలి. ఆ రోజు తర్వాత లిఫ్టులో నంబర్ల మీద జోకులు నేను మానుకున్నాను.

పుట్టినరోజులు, పెళ్లిరోజులు కూడా చాలా కనిపిస్తాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఆ తేదీ గుర్తుపెట్టుకోవడంలో ఇబ్బంది ఉన్న భర్తలకు మాత్రం బాగా పనికొస్తాయి. చెన్నైలో టీ నగర్‌లోని ఎంజీఆర్ స్మారక గృహంలో ఆయన అంబాసిడర్ కారు ఉంది, దాని నంబరు టీఎంఎక్స్ 4777. కూడితే ఇరవై అయిదు, అంటే ఏడు. అదృష్టపు మొత్తమో కాదో గానీ, ఆ ప్లేటును నేటికీ గుర్తుపట్టేవాళ్లున్నారు. మనిషి వల్ల నంబరుకు పేరొచ్చిందని చెప్పడానికి నాకు దొరికిన ఉదాహరణల్లో ఇదే గట్టిది. ఏజెంట్లు మాత్రం దీన్ని తిరగేసి చెప్తారు.

ఇక జేసీ రోడ్డు దుకాణం. 2019 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేటు కంపెనీ తరఫునే డీలరు దగ్గర బిగిస్తారు, కాబట్టి మా ప్లేటు అక్కడ తయారవలేదు. చుట్టూ ఫ్రేము వేయించి, అంకెలకు కాస్త బంగారు రంగు అంచు పెట్టించమని మా అబ్బాయి పట్టుబట్టడంతో వెళ్లాం. దుకాణంలో ఉన్న పెద్దాయన కన్నడ కలిసిన తెలుగులో మాట్లాడతారు, నలభై ఏళ్లుగా ఇదే పని అని చెప్పారు. ఆయన ప్లేటు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించారు: ఎడమ మూలన అశోకచక్రం ఉన్న క్రోమియం హోలోగ్రాం, దాని కింద లేజరుతో చెక్కిన శాశ్వత సంఖ్య, నీలం రంగులో 'ఐఎన్‌డీ', ఒకసారి బిగిస్తే విరగ్గొడితే తప్ప ఊడని స్నాప్ లాకు. కారు అంకె ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అంకెకూ అంకెకూ మధ్య దూరం 10 ఉండాలని నిబంధన. దాని మీద రంగు పూసినా, అంచు అతికించినా కెమెరా తప్పు చదవవచ్చని, ఆ చలానా మరొకరి ఇంటికి పోవచ్చని చెప్పి, చేతికందిన బేరాన్ని వదులుకున్నారు. పక్క దుకాణంలో అదే పని చేసిపెడతామని పిలుస్తుండగా ఆయన చెప్పిన మాట ఇది. 340 రూపాయల ఫ్రేము ఒక్కటే అమ్మారు, అదీ అంచులు ఏ అక్షరాన్నీ కప్పడం లేదని కొలిచి చూసి. అర మార్కు తగ్గించినది కేవలం పార్కింగు లేనందుకు. టౌన్ హాలు వైపు బండి ఆపి నడవాల్సి వచ్చింది.

ఫ్యాన్సీ నంబరు కావాలనుకునేవారు ఏజెంటును పక్కనబెట్టి ఆర్టీవో కార్యాలయంలో ముందు సిరీస్ ఎక్కడి దాకా వచ్చిందో అడగండి. మొత్తం మాత్రమే ముఖ్యమైతే వరుసలో ఆ మొత్తం వచ్చే నంబరు దగ్గరలోనే ఉంటుంది, రుసుము ఎంతో అక్కడే తెలుస్తుంది. కాగితాలు డీలరుకు అప్పగించే ముందు, జ్యోతిష్కుడు నాలుగంకెలే కూడతారో, ప్లేటంతా కూడతారో కూడా ఇంట్లో ఖాయం చేసుకోండి. మాకు చివరి వారం ఆ గొడవతోనే గడిచింది.

కారు ఇంటికి వచ్చిన రోజు మా అత్తగారు ప్లేటు ముందు నిలబడి, వేళ్ల మీద రెండుసార్లు కూడి, తలూపి, తాను తెచ్చిన నిమ్మకాయ, ఏడు మిరపకాయల దండను బంపరుకు కట్టారు. అది సరిగ్గా చివరి అంకె మీద వేలాడింది. దుకాణం పెద్దాయన మాట గుర్తొచ్చి, ప్లేటు కప్పితే చలానా వస్తుందని చెప్పాను. ఒక అంకె కనిపించకపోతే కెమెరాకు తొమ్మిది రాదు కదా అని ఆవిడే ఆలోచించి దండ విప్పారు. ఇప్పుడది ప్లేటుకు ఎడమ పక్కన, బంపరు కింద, ఏ అంకెకూ అడ్డం రాకుండా వేలాడుతోంది.