టరాంటులా పిల్ల ఆడదా, మగదా: పొట్ట చూడాలా, కుబుసం చూడాలా?

టరాంటులాలు, అంటే వెంట్రుకలుండే పెద్ద సాలీళ్లు, పెంచేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇదే. గుత్తి ఊరి పేరు మోస్తున్న నీలం సాలీడు, పొయిసిలోథీరియా మెటాలికా, ఇంట్లో ఉన్నవాళ్లకైతే ఈ టెన్షన్ మరీ ఎక్కువ. ఆడదైతే పది పన్నెండేళ్లు బతుకుతుంది, మగదైతే మూడు నాలుగేళ్లే. (ఇంట్లోనే పుట్టిన పిల్లల గురించే చెబుతున్నాను. నల్లమలలో మిగిలినవి తీవ్ర ప్రమాదంలో ఉన్నాయి, వాటి జోలికి వెళ్లకండి.)

సాలీడు దాని పెట్టె అద్దం ఎక్కినప్పుడు పొట్ట కింద చూడటం తేలిక. ముందున్న రెండు బుక్ లంగ్స్ (సాలీడు ఊపిరి తీసే అవయవాలు) మధ్య అడ్డంగా ఒక గాడి ఉంటుంది. మగదానికి ఆ గాడి పైన, నడుము వైపు, వెంట్రుకల్లాంటివి ముదురు రంగులో దట్టంగా, అర్ధచంద్రాకారంలో కనిపిస్తాయి. పట్టు తీసే సన్నటి గొట్టాలవి. ఆడదానికి ఆ మచ్చ ఉండదు. చిక్కు ఇక్కడే ఉంది. మచ్చ కనబడలేదంటే ఆడదనేనా? పిల్ల మరీ చిన్నదేమో, వెలుతురు సరిగా పడలేదేమో. ఒకే సాలీడు రెండు ఫొటోలు చూపిస్తే రెండు జవాబులు వస్తాయి.

అందుకే నా ఓటు కుబుసానికే, అంటే ఎదిగేటప్పుడు సాలీడు విడిచే పాత చర్మానికే. ఆడదాని శరీరంలో వీర్యం దాచుకునే సంచి ఉంటుంది, దాని పేరు స్పెర్మథీకా. దాని లోపలి పొర కూడా చర్మంలో భాగమే కాబట్టి కుబుసంతో పాటే ఊడి వస్తుంది. అంటే ఇక్కడ లేనిదాన్ని బట్టి ఊహించడం కాదు, ఉన్నదాన్ని కళ్లారా చూడటం.

కుబుసంలో పొట్ట చర్మం ముడతలు పడి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో డిష్‌వాష్ చుక్క వేసి నానబెట్టండి. మెత్తబడ్డాక సన్నటి పెయింట్ బ్రష్‌తో లోపలి వైపు పైకి వచ్చేలా పరవండి. నాలుగు తెల్ల మచ్చలు కనిపిస్తాయి, అవే బుక్ లంగ్స్. తల వైపున్న రెండింటి మధ్య బ్రష్ కొనతో మెల్లగా తోయండి. తలుపు రెక్కలా ఒక పొర పైకి లేచిందంటే ఆడదే. మగవాటికీ అక్కడ చిన్న బుడిపెలు ఉండొచ్చు, కానీ అవి అలా లేవవు. కాళ్లు చాపితే నాలుగైదు సెంటీమీటర్లు ఉన్న పిల్లకు భూతద్దం చాలు, అంతకన్నా చిన్నదైతే మైక్రోస్కోప్ కావాలి.

ఇబ్బంది ఒక్కటే. ఆలస్యం చేస్తే సాలీడు కుబుసాన్ని నమిలి ఉండ చుట్టేస్తుంది. అలాగని వెంటనే చెయ్యి పెట్టొద్దు. కుబుసం విడిచిన కొత్తలో దాని కోరలు తెల్లగా, ఒళ్లు మెత్తగా ఉంటాయి. అది పక్కకు జరిగాక పొడవాటి ట్వీజర్స్‌తో తీయండి. పొయిసిలోథీరియాలు మెరుపులా కదులుతాయి, విషమూ ఘాటే.

పెద్దయ్యేదాకా ఆగినా తెలుస్తుంది: మగదాని నోటి పక్కనున్న పొట్టి కాళ్ల కొనలు ఉబ్బుతాయి. రంగు, సైజు చూసి చెప్పేవి మాత్రం నమ్మకండి.

కొనేటప్పుడు ఆడదని చెప్పి ఎక్కువ ధర అడిగితే కుబుసం ఫొటో చూపించమనండి. పొట్ట ఫొటో మాత్రమే ఉందంటే మామూలు పిల్ల ధరే ఇవ్వండి.